రోబో బ్యాటరీ కాగుతోందా? ముందు వేడి ఎక్కడుందో పట్టుకోండి

రోబో నాలుగైదు నిమిషాలు తిరిగాక ప్యాక్ చుర్రుమంటే చాలా టీములు ఇంకా పెద్ద బ్యాటరీ కొంటాయి. వారం తిరక్కుండా అదీ అలాగే కాగుతుంది. స్విచ్ ఆపి, ఉబ్బు, పొగ, వాసన లేవని చూసుకున్నాక వేళ్ల వెనకవైపు తగిలించి చూడండి: ప్యాక్ అంతా వేడిగా ఉందా, ఒక్క సెల్లేనా, కనెక్టరా, వైరా? కారణం సగం అక్కడే తెలిసిపోతుంది. ఐఆర్ థర్మామీటర్ వాడితే ఒక జాగ్రత్త: సెల్స్‌ని కలిపే మెరిసే నికెల్ పట్టీ మీద అది తక్కువ చూపిస్తుంది. అక్కడ మాస్కింగ్ టేపు ముక్క అంటించి, టేపు మీద కొలవండి.

ప్యాక్ అంతా సమానంగా కాగుతుంటే

మోటార్లు ఎక్కువ కరెంటు లాగుతున్నాయన్నమాట. మల్టీమీటరుతో మోటారు టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్టును కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు రీడింగులు తీసి, అన్నిటికన్నా తక్కువది పట్టుకోండి. అందులోంచి మీటరు వైర్ల రెసిస్టెన్స్ తీసేయండి. 2 ఓమ్‌లు వచ్చిందనుకోండి. 3ఎస్ ప్యాక్ (సిరీస్‌లో మూడు లిథియం సెల్స్) ఫుల్ ఛార్జిలో 12.6 వోల్టులు కాబట్టి, చక్రం ఇరుక్కుని ఆగిపోతే ఆ ఒక్క మోటారే 6 ఆంపియర్లకు పైగా లాగుతుంది. రోబో సాకర్‌లో రెండు రోబోలు ముఖాముఖి తోసుకునేటప్పుడు నాలుగు మోటార్లూ ఆగిపోతాయి, అంటే 25 ఆంపియర్లు.

సెల్ లోపలి వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. లోపలి రెసిస్టెన్స్ 50 మిల్లీఓమ్‌లు ఉన్న సెల్‌లో 5 ఆంపియర్ల దగ్గర పుట్టేది 1.25 వాట్లే. 10 ఆంపియర్ల దగ్గర 5 వాట్లు. మూడు సెల్స్‌కీ కలిపి 15 వాట్లు, అదీ గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో! పాత ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసిన 18650 సెల్స్ (గుండ్రటి స్తంభం లాంటి లిథియం సెల్స్) మామూలుగా 5 ఆంపియర్ల దగ్గరే ఆయాసపడతాయి. లైపో (లిథియం పాలిమర్ ప్యాక్) అయితే 2200 ఎంఏహెచ్, 25సీ (సామర్థ్యానికి 25 రెట్లు) అంటే లెక్కప్రకారం 55 ఆంపియర్లు. లేబుల్ మాట అటుంచి, సగానికే డిజైన్ చేసుకోండి.

అన్నిటికన్నా చవకైన మందు గేరు. అదే మోటారు 300 ఆర్‌పీఎం బదులు 200 ఆర్‌పీఎం గేర్‌బాక్స్‌తో తీసుకుంటే అదే తోపుకి తక్కువ కరెంటు చాలు. చక్రం ఛాసిస్‌కి రాసుకుంటోందేమో కూడా చూడండి, చాలాసార్లు అసలు దొంగ అదే.

ఒక్క సెల్లే కాగుతుంటే

సిరీస్‌లో మూడింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కదా. మరి ఒకటే కాగుతోందంటే దాని లోపలి రెసిస్టెన్స్ పెరిగిందనే. ఫుల్ ఛార్జి చేసి ఒక రోజు పక్కన పెట్టి, బ్యాలెన్స్ వైరు (ఒక్కో సెల్ నుంచీ వచ్చే సన్న వైర్ల కనెక్టరు) దగ్గర ఒక్కో సెల్ వోల్టేజీ చూడండి. మిగతావాటికన్నా స్పష్టంగా కిందికి జారింది పనికిరాదు. దాని చోట కొత్త సెల్ ఒకటి పెడితే సరిపోతుందనుకోవద్దు. పాతవీ కొత్తవీ కలిస్తే బలహీనమైనది ముందే ఖాళీ అయి, మిగతావి దాన్ని తిరగబెట్టి లాగుతాయి. మూడూ మార్చండి.

కొనేటప్పుడు తూచండి. అసలైన 18650 సుమారు 45 నుంచి 48 గ్రాములుంటుంది. "9900 ఎంఏహెచ్" అని రాసి, 30 గ్రాములు తూగేదాన్ని కొట్లోనే వదిలేయండి. సెల్ డబ్బా ఒళ్లంతా నెగెటివే. పాజిటివ్ టోపీ చుట్టూ ఉన్న సన్నటి సందు ఒక్కటే రెంటినీ విడదీస్తుంది. పై తొడుగు చిరిగితే నికెల్ పట్టీ అంచు అక్కడ తగిలి షార్ట్ అవుతుంది. పాజిటివ్ వైపు ఫిష్ పేపర్ (కరెంటు పారనివ్వని గట్టి కాగితం) రింగు తప్పనిసరి. పట్టీలను సోల్డరింగ్ ఐరన్‌తో కాదు, స్పాట్ వెల్డర్‌తో అతికించాలి.

కనెక్టరు, వైరు

రోబో నడుస్తుండగా కనెక్టరుకి అటూ ఇటూ మల్టీమీటరు పెట్టి వోల్టేజీ డ్రాప్ చూడండి. 10 ఆంపియర్ల దగ్గర 0.2 వోల్టులు వస్తే ఆ ఒక్క జాయింటులోనే 2 వాట్లు కాలుతున్నాయి. విప్పి మళ్లీ వేయండి, ఎక్స్‌టీ60 కనెక్టరు వాడండి. స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్లే వైరు కొసకు సీసం (సోల్డర్) పూయడం అందరూ చేసే పొరపాటు. సీసం మెత్తన, బిగించిన స్క్రూ కింద మెల్లగా అణిగి లూజవుతుంది. ఫెర్రూల్ (వైరు కొసకు తొడిగే లోహపు గొట్టం) నొక్కండి. బ్రెడ్‌బోర్డు జంపర్లు సిగ్నల్స్‌కే. మోటారు దారికి 14 గేజి సిలికాన్ వైరు వేయండి.

(కాగేది ఎల్298ఎన్ మోటారు డ్రైవరు బోర్డయితే అది బ్యాటరీ గొడవ కాదు. 1 ఆంపియర్ దగ్గరే రెండు, మూడు వోల్టులు మింగేస్తుంది, ఛానెల్‌కి 2 ఆంపియర్లే దాని హద్దు.)

ఫ్యూజు, థర్మిస్టరు

ఆటో స్పేర్ పార్ట్స్ కొట్లో దొరికే బ్లేడ్ ఫ్యూజు 15 ఆంపియర్లది తీసుకుని, ప్యాక్ పాజిటివ్ నుంచి 10 సెం.మీ. లోపే పెట్టండి. షార్ట్‌ని అది ఆపుతుంది, మెల్లగా ఎక్కే వేడిని మాత్రం ఆపలేదు. దానికి 10కె, బీటా 3950 అని రాసున్న థర్మిస్టరు (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే సెన్సరు) కావాలి. సెల్స్ మధ్య కాప్టన్ టేపుతో (వేడికి తట్టుకునే టేపు) అంటించి, ఒక కొస గ్రౌండుకి, రెండో కొస ఆర్డుయినో (రోబోని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) ఏ0 పిన్నుకి కలపండి. ఏ0 నుంచి 5 వోల్టులకి 10కె రెసిస్టరు. ఆర్డుయినో ఊనోలో 50 డిగ్రీల దగ్గర రీడింగు సుమారు 270, 60 దగ్గర 204 వస్తుంది. 270కి దిగగానే మోటారు వేగం సగానికి తగ్గించండి, 204 దగ్గర పూర్తిగా ఆపేయండి. 1000 దాటినా ఆపేయాలి. అది చల్లగా ఉండటం కాదు, థర్మిస్టరు వైరు తెగిపోవడం.

ఛార్జింగు

2200 ఎంఏహెచ్ లైపోకి 2.2 ఆంపియర్లు, 3ఎస్ బ్యాలెన్స్ మోడ్ (మూడు సెల్స్‌నీ సమానంగా నింపేది). టీపీ4056 ఛార్జింగ్ బోర్డు ఒక్క సెల్‌కే, మూడు సెల్స్ సిరీస్‌కి వాడకూడదు. సెల్ 45 డిగ్రీలు దాటి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు. మే నెలలో రేకుల షెడ్డు ల్యాబులో గదే 42 ఉంటుంది, ఇక మిగిలేది మూడు డిగ్రీలు! మ్యాచ్ అయిన ప్యాక్‌ని అరగంట చల్లారనిచ్చి, వీలైతే పొద్దున్నే ఛార్జి చేయండి. వారం పాటు వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచండి.

బడి పిల్లల టీమయితే లిథియం జోలికి వెళ్లకపోవడమే మా సలహా. బడి పిల్లల రోబో పోటీ ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో వాడేది 20 ఆంపియర్ల ఫ్యూజున్న 12 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే.

పొగొస్తే

ప్యాక్ ఉబ్బినా, తియ్యటి ద్రావకం వాసన వచ్చినా, పొగ లేనంతవరకు డిస్‌కనెక్ట్ చేసి, ఇసుకున్న ఇనప బకెట్‌లో పెట్టి ఆరుబయట ఉంచండి. బుస్సుమనడం, పొగ మొదలైతే దాన్ని ముట్టుకోవద్దు. అందరినీ బయటికి పంపి, ఛార్జరు ఉంటే స్విచ్‌బోర్డు దగ్గర ఆపి, 101కి ఫోన్ చేయండి. ఆ పొగ విషం. ఇసుక మంటను కప్పుతుంది గానీ సెల్‌ని చల్లార్చదు. చల్లార్చేది నీళ్లే, దూరం నుంచి ధారాళంగా పోయాలి. ఆరినట్టున్నా గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి లోపలికి తీసుకురావొద్దు. పాడైన ప్యాకుల కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరణకే ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే అక్కడ నలిగి అంటుకుంటాయి.