గుండె పరికరం కనిపెట్టడం – నాలుగో పాఠం: బెలూన్‌కు నడుము ఎందుకు?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. పరికరం పేరెత్తకుండా ఒక రోగి అవసరాన్ని ఒకే వాక్యంలో రాయమన్నాను. చాలామంది వాక్యాల్లో "స్టెంటు", "పంపు", "సెన్సరు" దొర్లాయి. మందు పేరు ముందే రాసేసుకుని జబ్బు వెతకడం మొదలుపెడితే కనిపెట్టేదేమీ ఉండదు, అందుకే ఆ నియమం. అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి పంపిన వాక్యం మాత్రం ఈ పాఠమంతటికీ సరిపోతుంది:

"రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు మూసుకుపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే ముప్ఫై ఏళ్ల కూలి మనిషికి, రొమ్ము కోయకుండా, ఒంట్లో ఏ వస్తువూ వదిలిపెట్టకుండా, ఆ వాల్వు దారి వెడల్పు చేయాలి."

ఇందులో నాకు బాగా నచ్చినవి "కూలి మనిషి", "ఏ వస్తువూ వదిలిపెట్టకుండా" అన్న మాటలు. ఆ రెంటికీ సంబంధం ఉంది. కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. గుంటూరు మిరప చేలలో నెలల తరబడి ఉండిపోతాయి. అలాంటి మనిషికి లోహపు వాల్వు వేశారనుకోండి. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మోతాదు తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, పెరిగితే రక్తస్రావం. అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష మాటిమాటికీ చేయించుకుంటూ ఉండాలి. మిరప చేలో గుడారం వేసుకున్న మనిషి ఆ పరీక్షకు ఎక్కడికి పోవాలి? ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి? రోగి బతుకుతెరువు కూడా పరికరానికి పెట్టే కొలతల్లో ఒకటని ఆ అమ్మాయి పట్టుకుంది. కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ ముందు ఒక పూట కూర్చుని చూడండి, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారో వినండి. ఇంజనీరింగ్ పుస్తకంలో దొరకని కొలతలు అక్కడ దొరుకుతాయి.

ఇక జబ్బు సంగతి. చిన్నతనంలో గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి మీద శరీరం చేసే పోరాటం ఒక్కోసారి గుండె వాల్వుల మీదికి మళ్లుతుంది. రుమాటిక్ జ్వరం అంటే అదే. ఏళ్లు గడిచేకొద్దీ, ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ వాల్వు రెండు రెక్కలూ అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసిన దారి 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే జబ్బు ముదిరినట్టే లెక్క. దారి సగమైతే అంతే రక్తం దాటడానికి వేగం రెట్టింపు కావాలి. ఒత్తిడి తేడా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడి ఎడమ కర్ణిక మీద, దాని వెనక ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆయాసం అక్కడి నుంచే. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది కాబట్టి, అంతవరకు బాగానే తిరిగిన ఆడమనిషికి జబ్బు తొలిసారి అప్పుడే బయటపడుతుంటుంది.

పై పేరాలో మనకు పనికొచ్చే వాక్యం "అంచుల దగ్గర అతుక్కుపోతాయి" అన్నది. రెక్కలు ఇంకా మెత్తగా, వంగేలా ఉన్నాయి. చెడింది అతుకు దగ్గర మాత్రమే. ఆ అతుకు విడదీస్తే చాలని 1925లోనే లండన్‌లో హెన్రీ సౌటర్ అనే సర్జన్ చూపించాడు. కొట్టుకుంటున్న గుండె కర్ణికలోకి వేలు పెట్టి వాల్వును తెరిచాడు. 1948లో అమెరికాలో చార్లెస్ బెయిలీ, డ్వైట్ హార్కెన్ ఆ పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. ఆ వేలు మనకు నేర్పేదేమిటంటే, లోపలి నుంచి బలం తగిలితే వాల్వు దాని సహజమైన గీత వెంటే, అంటే అతుకు వెంటే చీలుతుంది. పరికరం చేయాల్సిన పని అప్పటికే తెలుసు. రొమ్ము తెరవకుండా ఆ వేలు లోపలికి ఎలా పోవాలన్నదే మిగిలిన ప్రశ్న.

క్యాథెటర్‌తో, అంటే రక్తనాళంలోకి దూర్చే సన్నని గొట్టంతో చేసే ఏ పరికరానికైనా నేను అయిదు ప్రశ్నలు వేస్తాను. ఎలా లోపలికి పోతుంది? చోటుకు ఎలా చేరుతుంది? అక్కడ ఎలా నిలుస్తుంది? పని ఎలా చేస్తుంది? ఎలా బయటికి వస్తుంది? కొత్తగా మొదలుపెట్టిన వాళ్లంతా నాలుగో ప్రశ్న దగ్గరే నెలలు గడుపుతారు. పరికరాలు ఎక్కువగా ఓడిపోయేది మూడో దాని దగ్గర.

జపాన్ సర్జన్ కాంజీ ఇనోవె బెలూన్ చూడండి. 1982లో ఆయన దాన్ని మొదటి రోగికి వాడాడు, 1984లో ప్రకటించాడు. తిన్నని గొట్టంలాంటి బెలూన్‌ను వాల్వులో ఉబ్బించారనుకోండి. వేళ్ల మధ్య నొక్కిన సీతాఫలం గింజలా అది ముందుకో వెనక్కో జారిపోతుంది. ఒక పక్క గుండె కొట్టుకుంటూ తోస్తుంటుంది, ఇంకో పక్క ఉబ్బిన బెలూన్ రక్తం దారికే అడ్డు కాబట్టి దాన్ని కొన్ని సెకన్లకు మించి ఉంచలేం. జారితే సరిచేసుకునే తీరిక ఉండదు.

ఇనోవె ఆ బెలూన్‌కు నడుము పెట్టాడు. రెండు రబ్బరు పొరల మధ్య నైలాన్ వల ఇమిడ్చి, ఒక్కోచోట ఒక్కో సాగుడు ఉండేలా చేశాడు. ద్రవం ఎక్కిస్తే ముందు భాగం మొదట ఉబ్బుతుంది. అప్పటికి అది ఎడమ జఠరికలో ఉంటుంది. డాక్టరు క్యాథెటర్‌ను వెనక్కి లాగితే ఉబ్బిన తల వాల్వుకు అవతలి వైపు నుంచి ఆనుకుంటుంది. ఇంకాస్త ఎక్కిస్తే వెనక భాగం కర్ణిక వైపు ఉబ్బుతుంది. వాల్వు రెండు ఉబ్బుల మధ్య బిగిసిపోయింది, జారే దారి లేదు. అప్పుడు చివరగా నడుము విచ్చుకుంటుంది, అతుకు విడిపోతుంది. నిలవడం, పని చేయడం అనే రెండు ప్రశ్నలకు ఒకే సిరంజి ఒత్తుడు వరసగా జవాబిస్తుంది. ఇందులో మోటారు, తీగ, బటను ఏవీ లేవు. ఏది ముందు, ఏది వెనక అన్నదంతా రబ్బరులోనే ఉంది. ఇంత తక్కువ వస్తువుతో ఇంత పని చేయించడం చూసినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది.

మిగతా మూడు ప్రశ్నలు త్వరగా చూద్దాం. లోపలికి పోవడం గజ్జలో సిర ద్వారా. గొట్టం 12 ఫ్రెంచ్. ఫ్రెంచ్ అంటే క్యాథెటర్ల మందానికి వాడే కొలత. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు కాబట్టి అడ్డుకొలత 4 మిల్లీమీటర్లు. లోపల లోహపు గొట్టం దూర్చి బెలూన్‌ను పొడుగ్గా సాగదీస్తే అది సన్నబడి దూరుతుంది. చేరడం కుడి కర్ణికలోకి వెళ్లి, రెండు కర్ణికల మధ్య గోడను పలచని చోట సూదితో గుచ్చి, ఎడమ కర్ణికలోకి. బయటికి రావడం ద్రవం లాగేసి, మళ్లీ సాగదీసి, వచ్చిన దారినే. బెలూన్ సైజుకు డాక్టర్లు వాడే సులువైన లెక్క ఒకటుంది: రోగి ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని, పదితో భాగించి, పది కలపాలి. 160 సెంటీమీటర్ల మనిషికి 26 మిల్లీమీటర్లు. అది గరిష్ఠ పరిమితి. దానికంటే చిన్నగా మొదలుపెట్టి, ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. ఎక్కువ ఉబ్బిస్తే అతుకు బదులు రెక్క చిరుగుతుంది, వాల్వు గుండా రక్తం వెనక్కి కారడం మొదలవుతుంది.

ఇది అందరికీ పనిచేయదు. వాల్వుకు సున్నం పట్టి బిరుసెక్కితే, ఇప్పటికే బాగా కారుతుంటే, కర్ణికలో రక్తం గడ్డ ఉంటే బెలూన్ పనికిరాదు. చేసిన తర్వాత కూడా రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తప్పదు. వాల్వు మార్చక తప్పని వాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె సర్జన్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మన దేశపు వాల్వును తయారు చేసింది. వరసగా కొన్ని నమూనాలు విఫలమయ్యాక నిలిచిన నమూనాను 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. లోపల వదిలిపెట్టే వస్తువుకు అంతకాలం ఎందుకు పడుతుందో లెక్క వేసి చూడండి. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో వాల్వు రోజుకు 1,03,680 సార్లు, ఏడాదికి 3.78 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అందుకే లోహపు వాల్వును యంత్రం మీద 40 కోట్ల సార్లు ఆడించి పరీక్షించాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. అది పదేళ్లకు పైబడిన గుండె పని. కాసేపు ఉండి బయటికి వచ్చేసే బెలూన్‌కు ఈ పరీక్ష లేదు. కనిపెట్టేటప్పుడు "వదిలిపెట్టాలా, వెనక్కి తేవాలా" అన్నది తొలి రోజే తేల్చుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ వారం చేయాల్సిన పని

కావలసినవి: మెడికల్ షాపులో రబ్బరు గ్లవ్స్ ఒక జత, 50 మి.లీ. సిరంజి, సెలైన్ సెట్టు పైపు. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క, కొంచెం సొల్యూషన్. లీటరు నీళ్ల సీసా. గట్టి నైలాన్ దారం. తెల్లగడ్డలు పోసి అమ్మే సన్నని వల సంచి.

మొదట వాల్వు. సీసాను అడ్డంగా కోసి, పైభాగం వెడల్పు మూతి మీద ట్యూబు రబ్బరును బిగించి కట్టండి. మధ్యలో మూడు సెంటీమీటర్ల చీలిక కోయండి. రెండు కొనల దగ్గరా ఒక్కో సెంటీమీటరు సొల్యూషన్‌తో అతికించి, రాత్రంతా ఆరనివ్వండి. అతుక్కుపోయిన వాల్వు తయారైంది.

తర్వాత బెలూన్. గ్లవ్ చూపుడు వేలు కత్తిరించి, కొనలు కోసిన సెలైన్ పైపు మీద తొడిగి, దారంతో చుట్టి కట్టండి. జిగురు నమ్మొద్దు, నీళ్ల ఒత్తిడికి ఊడుతుంది. 1960ల మొదట్లో సిన్సినాటిలో థామస్ ఫోగర్టీ అనే యువకుడు రక్తపు గడ్డలు లాగే బెలూన్ క్యాథెటర్ చేసింది కూడా గ్లవ్ వేలి కొనతోనే. చేపల గాలానికి ఈకలు కట్టే ముడులు అతనికి బాగా వచ్చు. వాటితోనే రబ్బరును గొట్టానికి బిగించాడు.

బెలూన్‌ను చీలికలో పెట్టి, బకెట్‌లో ఉంచి, సిరంజితో నీళ్లు ఎక్కించండి. గాలి వద్దు. నిజమైన ప్రక్రియలోనూ గాలి వాడరు, పగిలితే అది రక్తంతో మెదడుకు పోతుంది. ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర, ఎటు జారిందో రాసుకోండి. ఇప్పుడు రెండో గ్లవ్ వేళ్ల నుంచి చిన్న గొట్టపు ముక్కలు కోసి, బెలూన్ వెనక భాగానికి ఒక పొర, నడుముకు రెండు పొరలు తొడగండి. మళ్లీ ఎక్కించండి. ముందు భాగం ఉబ్బుతూనే పోయి, వెనకది కదలకపోవడం చాలామందికి ఎదురవుతుంది. రబ్బరు ఒకసారి లొంగిందంటే అక్కడే ఇంకా లొంగుతుంది. అప్పుడు వల సంచి ముక్కను చిన్న తొడుగులా కుట్టి, ముందు భాగం మీద వదులుగా వేయండి. వల బిగిసేవరకు ఉబ్బి ఆగుతుంది, ఆపైన నీళ్లు వెనక్కి మళ్లుతాయి. ఇనోవె నైలాన్ వల ఎందుకు ఇమిడ్చాడో మీ వేళ్లకే తెలుస్తుంది.

గెలిచినట్టు గుర్తు ఇది: సొల్యూషన్ అతుకు విడిపోవాలి, ట్యూబు రబ్బరు చిరగకూడదు. చిరిగితే ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర చిరిగిందో కూడా రాయండి. ఆ అంకె మీ బెలూన్ గరిష్ఠ సైజు చెబుతుంది.

రాసే పుస్తకం గురించి ఒక మాట. పేజీలకు నంబర్లు వేయండి, తేదీ, సంతకం పెట్టండి, తప్పుపోయిన ప్రయోగాన్ని కొట్టేయకండి. మీ బెలూన్‌లో నిజంగా కొత్తదేదైనా కనిపిస్తే వీడియో తీసి అందరికీ పంపకండి. ముందే బయటపెడితే పేటెంట్‌కు కావలసిన కొత్తదనం పోతుంది. మొదట ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. మన చట్టంలో చికిత్స పద్ధతికి పేటెంట్ రాదు, పరికరానికి వస్తుంది. అందుకే "ఇలా చికిత్స చేయాలి" అని కాకుండా "ఈ ఆకారం, ఈ పొరలు, ఈ వరస" అని రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఇంట్లో చేసినది బకెట్ దాటి ఏ ప్రాణి దగ్గరికీ పోకూడదు. గుండెలో వాడే పరికరాలకు 2017 వైద్య పరికరాల నియమాల కింద అనుమతులు, ఎథిక్స్ కమిటీ ఉన్నాయి. వాటికి విడిగా ఒక పాఠం పెడతాను.

అయిదో పాఠంలో ఇదే వాల్వు గుండా రక్తమంత చిక్కని ద్రవాన్ని పారించి, తెరవక ముందు, తెరిచాక ఒత్తిడి తేడా కొలుస్తాం. అందుకు గ్లిజరిన్ అర లీటరు, అక్వేరియం పంపు, పారదర్శక పైపు రెండు మీటర్లు సిద్ధం చేసుకోండి. ఈ వారం అతుకు విడదీసిన ట్యూబు ముక్కను పారేయకండి, అక్కడ దానితోనే పని.