రిటైర్మెంట్ పైసలు చేతికొచ్చాక ఏం చేయాలి?

హన్మకొండలో మా గల్లీలో రిటైరైనవాళ్ళు ముందు ప్లాట్లమ్మే ఏజెంటు దగ్గరికి పోతారు. ఆర్నెల్లకు నా దగ్గరికి వస్తారు, చేతిలో రిజిస్ట్రేషన్ కాగితం, మందులకు పైసలుండవు. అందుకే ఇది రాస్తున్నా.

మొదట పాన్, ఆధార్, నామినీ పేర్లు సరిచూసుకోండి. ఒక పూట పని.

తర్వాత ఏడాది ఖర్చు రాయండి. ఫోన్లో కాదు, నోటుబుక్కులో. పాలు, కరెంటు, మందులు, బతుకమ్మకు ఆడబిడ్డల చీరలు అన్నీ రావాలి. మేడారం జాతర రెండేళ్ళకోసారే అయినా సగం ఖర్చు ఈ ఏడాది కింద వేయండి. అమ్మలకిచ్చే బంగారం బెల్లమే, బండి కిరాయి మాత్రం బెల్లం ధరకు రాదు.

మూడోది పోస్టాఫీసు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 నుంచి మనిషికి 30 లక్షల దాకా పెట్టొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి. చేరిన రోజున్న రేటే 5 ఏళ్ళూ నడుస్తుంది, మధ్యలో ప్రభుత్వం తగ్గించినా మీకు తగ్గదు. ఏడాది దాటాక, రెండేళ్ళు నిండకముందే మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు, ఏడాది కూడా నిండకపోతే వడ్డీ మొత్తం పోతుంది. అందుకే అత్యవసరానికి కొంత బ్యాంకులో విడిగా ఉంచండి. బ్యాంకు మునిగితే ఆదుకునే బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షలకే, కాబట్టి రెండు బ్యాంకులు.

అందరూ చెడగొట్టేది నాలుగోది, మార్కెట్. ధరలు పెరుగుతుంటాయి కాబట్టి కొంత మ్యూచువల్ ఫండ్‌లో (నలుగురి పైసలు కలిపి షేర్లలాంటి వాటిలో పెట్టేది) ఉండాల్సిందే. పింఛన్, వడ్డీ పోను ఇంకా ఎంత తక్కువ పడుతుందో లెక్కగట్టి, అట్లాంటి మూడేళ్ళ సొమ్ము పక్కన పెట్టాకే ఫండ్‌లోకి పోవాలి. రెండేళ్ళది చాలంటారు కొందరు. నేనొప్పుకోను.

ఎందుకంటే, 2020 జనవరిలో నిఫ్టీ, అంటే షేర్ల ధరలు చూపే సూచీ, 12,400 దగ్గరుంది. మార్చి 23న 7,600కు పడింది. నెలనెలా ఫండ్ అమ్ముకుని తినేవాళ్ళు ఆ ధరకే అమ్మారు. నవంబర్లో నిఫ్టీ పాత చోటికొచ్చింది, కానీ వాళ్ళ యూనిట్లు, అంటే ఫండ్‌లో వాళ్ళ వాటాలు, అప్పటికే పోయాయి. ఉద్యోగంలో ఉండగా పడితే జీతం ఆదుకునేది. రిటైరైన మొదటి రెండు మూడేళ్ళలో పడితే ఆ గుంత పూడదు. పడ్డ ఏడాది ఫండ్ ముట్టొద్దు, పక్కన పెట్టిందే తినండి. పెరిగిన ఏడాది కొంత అమ్మి ఆ మూడేళ్ళ సొమ్ము మళ్ళీ నింపండి. షేర్ల ఫండ్‌లో ఏడాది దాటిన యూనిట్లపై లాభం ఆ ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లోపుంటే పన్ను లేదు. ఆపైన 2024 జులై 23 నుంచి 12.5 శాతం. కాబట్టి ఒక్కసారే అంతా అమ్మకుండా, రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడేలా కొంత మార్చిలో, కొంత ఏప్రిల్లో అమ్మండి.

చిట్టీ సంగతి కూడా అడుగుతారు. ఎత్తుకున్నోడు కట్టకపోతే మీరు కోర్టు చుట్టూ తిరగగలిగితే వేయండి.

వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్, అంటే చేతికి ఇచ్చేముందే పట్టుకునే పన్ను, కోస్తారు. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్ళు ఏటా ఏప్రిల్ మొదటి వారంలోనే పోస్టాఫీసులో పన్ను కోయొద్దని డిక్లరేషన్ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి.