దేహదానం చేయదలచిన మహిళలు ఇంట్లో ముందే తేల్చుకోవలసినవి

ఫారం నింపడం పావుగంట పని. కోఠిలోని ఉస్మానియా, సికింద్రాబాద్‌లోని గాంధీ వైద్య కళాశాలల్లో ఇది అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగం చూసే పని. ఫొటోలు, ఆధార్ నకలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. అసలు కష్టం ఇంట్లోనే. కన్నుమూశాక దేహాన్ని అప్పగించేది మీ వాళ్లు. దగ్గరి బంధువుల్లో ఒక్కరు అడ్డుపడినా కాలేజీవాళ్లు ఆ గొడవలోకి దిగరు.

ఆడవాళ్ల విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. భర్త, కొడుకులు, పుట్టింటి నుంచి పరుగున వచ్చిన అన్నదమ్ములు తలా ఒక మాట అంటారు. ‘ముత్తైదువగా పోయింది, పసుపు కుంకుమలతో సాగనంపొద్దా?’ అని ఎవరో ఒకరు అనగానే ఫారం మూలకు పోతుంది. అందుకే సాక్షి సంతకాలు పక్కింటివాళ్ల చేత పెట్టించకండి. ఒకటి భర్తదో పెద్దకొడుకుదో, రెండోది ఎక్కువగా అడ్డుపడతారని మీకు అనుమానం ఉన్నవారిదీ అయితే మంచిది. పసుపు, కుంకుమ, హారతి అన్నీ ఇంటి దగ్గరే ముగించి పంపవచ్చు. దేహం లేకుండానే పదో రోజు కర్మ జరిపించే పురోహితుడిని ముందే మాట్లాడుకోండి. అస్థికలు తిరిగి వస్తాయని మాత్రం అనుకోకండి, కాలేజీ పద్ధతి ఏమిటో ఫారం ఇచ్చే రోజే అడగండి. ‘మన ఆడవాళ్లలో ఇలా ఎవరు చేశారు?’ అనే పెద్దలకు తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం పేరు చెప్పండి. 2022 మార్చి 19న ఆమె హైదరాబాద్‌లో కన్నుమూశాక దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు.

కాలేజీలకు చేరే అనాథ శవాలు ఎక్కువగా మగవారివే. గర్భాశయం, అండాశయాలు, స్త్రీ కటి ఎముకల నిర్మాణం పుస్తకంలో బొమ్మగా చూడటం వేరు, చేత్తో తడిమి తెలుసుకోవడం వేరు. గర్భసంచి తీయించుకున్నవారూ, సిజేరియన్ అయినవారూ ఇవ్వవచ్చు. ఆపరేషన్ల వివరం ఫారం వెనుక రాసిపెడితే విద్యార్థులకు అదీ ఒక పాఠమే.

తీసుకోనివి కొన్ని ఉన్నాయి. పోస్టుమార్టం అయినవి, పోలీసు కేసు ఉన్నవి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి వంటి అంటురోగాలు ఉన్నవి, కుళ్లడం మొదలైనవి. బ్రెయిన్ డెత్ అయి, అవయవదానాన్ని చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ ద్వారా అవయవాలు ఇస్తే, ఆ తర్వాత దేహం సాధారణంగా అనాటమీకి పనికిరాదు. కాబట్టి ‘అలాంటి స్థితి వస్తే ముందు అవయవాలు, లేకపోతే దేహం’ అని రాసిపెట్టండి. కళ్లు ఇచ్చినా దేహదానానికి అడ్డు లేదు. చనిపోయిన 6 గంటల్లోపు బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఐ బ్యాంకుకు కబురు చేస్తే ఇంటికే వస్తారు. ఈలోగా ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచండి.

ఆ రోజున మొదటి ఫోన్ అనాటమీ విభాగానికి, రెండోది డాక్టరుకు. మరణ కారణం తెలిపే పత్రం ఆసుపత్రిలో అయితే ఫారం 4, ఇంట్లో అయితే 4ఎ. ఇంట్లో పోయినప్పుడే చిక్కు. ఎన్నడూ చూడని రోగికి ఏ డాక్టరూ సంతకం పెట్టరు. అందుకే పెద్దవయసువాళ్లు ఒక ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తరచూ వెళుతూ ఉండాలి. ఆదివారమో పండుగో అయితే కాలేజీలో మనిషి దొరకడం ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెచ్చుకోండి. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఆపుదామంటే మాత్రం వద్దనే చెప్పాలి. దేహం పాడవకుండా ఉండేందుకు కాలేజీలో ఫార్మలిన్ ద్రవాన్ని తొడలోనో మెడలోనో ఉన్న ధమని గుండా ఎక్కిస్తారు. ఆలస్యమైతే నాళాల్లో రక్తం గడ్డకట్టి ద్రవం అన్ని చోట్లకూ చేరదు, చేరని భాగం పాడవుతుంది. మెట్టెలు, ముక్కుపుడక, గాజులు శరీరం బిగుసుకోకముందే తీసి, ఎవరికి ఇచ్చారో రాసుకోండి. తర్వాత వచ్చే తగాదాలన్నీ వీటి మీదే.

కాలేజీ ఇచ్చే స్వీకార పత్రాన్ని నాలుగు నకళ్లు తీయించండి. 21 రోజుల్లోపు మరణ నమోదుకు వెళ్లినప్పుడు శ్మశానం రసీదు అడిగితే చూపవలసింది అదే.

మీరు కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఉండటానికి బెంగళూరు వెళ్లిపోతే హైదరాబాద్‌లో ఇచ్చిన ఫారం అక్కడ పనికిరాదు. అక్కడి కాలేజీలో మళ్లీ పేరు రాయించుకుని, ఇక్కడి విభాగానికీ ఒక ఉత్తరం ముక్క పంపండి.