ఒరెగాన్‌కు గూడుబండి కట్టేదెలా: 1850 నాటి లెక్కలు

అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్‌కు గూడుబండిలో బయల్దేరేవాళ్లు ముందు ఎందుకు వెళ్తున్నారో తేల్చుకోవాలి. బండిలో ఏం ఎక్కించాలో దాన్ని బట్టే ఉంటుంది. మిస్సోరిలోని ఇండిపెండెన్స్ నుంచి చాలామంది ఒకే బాటన సాగుతారు. ఫోర్ట్ హాల్ అనే కోట దాటాక, రాఫ్ట్ నది దగ్గర బాట చీలుతుంది. 1848లో బయటపడ్డ బంగారం కోసమైతే ఎడమకు, కాలిఫోర్నియా వైపు. భూమి కోసమైతే స్నేక్ నది వెంబడే ఒరెగాన్‌లోని విలామెట్ లోయకు. మొత్తం 3,200 కిలోమీటర్లు, ఐదారు నెలలు.

భూమి ఆశ ఊరికే పుట్టలేదు. 1837 ఆర్థిక పతనం తర్వాత పంట ధరలు పడిపోయాయి, మిసిసిపీ లోయలో చలిజ్వరాలు వదల్లేదు. ఇంటి దగ్గర సర్కారు భూమి ఎకరం డాలరుంపావు. ఒరెగాన్‌లోనో, 1850 చట్టం ప్రకారం, ఆ డిసెంబరు 1 లోపు చేరిన తెల్లజాతి దంపతులకు 640 ఎకరాలు ఉచితం, నాలుగేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే చాలు. అందులో సగం భార్య పేరనే. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఇందులో సగమే. అక్కడ తరతరాలుగా ఉన్న తెగలతో ఒప్పందాలు ఖరారు కాకముందే ఈ పంపకం మొదలైంది. ఉచితం అన్న మాట వెనక ఉన్నది అదీ.

బండి పెద్దదైతే మంచిదనుకోవద్దు. సరుకు రవాణాకు వాడే భారీ కొనెస్టోగా బండ్లు ఎద్దులను చంపేస్తాయి. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టి ఉన్న రైతుబండి చాలు. ఎక్కించే సరుకు బరువు వెయ్యి కిలోలు దాటకూడదు. అవిసెనూనె పట్టించిన మందపాటి గుడ్డను గూడుకు కప్పాలి. కట్టడానికి మూడు జతల ఎద్దులు. కంచరగాడిదలు వేగమే కానీ ఖరీదెక్కువ. ఎద్దులు దారిలో దొరికే గడ్డితో బతుకుతాయి. వీటికి ముక్కుతాడు ఉండదు. తోలేవాడు ఎడమ పక్కన నడుస్తూ ‘గీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు తిరుగుతాయి. బండిలో కుదుపు భరించలేక మిగతావాళ్లూ నడుస్తారు. బండ్లు మామూలుగా రోజుకు పాతిక కిలోమీటర్లు దాటవు.

పెద్దవాళ్లకు తలా 70 నుంచి 90 కిలోల గోధుమపిండి. ఉప్పు పట్టించిన పందిమాంసాన్ని తవుడులో పూడ్చి పెట్టాలి, లేకపోతే ఎండకు కొవ్వు కరిగి కారిపోతుంది. కాఫీ మానొద్దు: నీళ్లు మరిగితే కలరా క్రిమి చస్తుంది. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు, దారి పొడవునా సమాధులు అందుకే. ప్లాట్ నది గట్టున వంటచెరకు ఉండదు, అడవిదున్నల పేడ ఏరుకోవాలి. పిడకలే అనుకోండి, తట్టే పనిలేదు. వానలో తడిస్తే మాత్రం ఆ పూట పస్తే.

ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య లోపు కదలాలి. ముందే వెళ్తే గడ్డి మొలవదు, ఆలస్యమైతే కొండల మీద మంచు. జులై 4 నాటికి దారిలోని ఇండిపెండెన్స్ రాక్ అనే పెద్ద బండ దగ్గరకు చేరితే లెక్క సరిపోయినట్టు. కాలిఫోర్నియాకు బయల్దేరిన డోనర్ బృందం 1846లో ‘దగ్గరి దారి’ని నమ్మి వారాల తరబడి వెనకబడింది. సియెర్రా కొండల మంచులో చిక్కి 87 మందిలో దాదాపు సగం మంది పోయారు.

దారిలో ఎక్కువ ఏడిపించేది చక్రం. ఫోర్ట్ లారమీ దాటాక గాలి పొడిబారుతుంది, కర్ర ఎండి కుంచించుకుపోతుంది. ఇనుప పట్టా వదులై, చక్రం ఆకులు (నడిమి నుంచి అంచుకు వెళ్లే కర్రలు) గలగలలాడతాయి. ఆ చప్పుడు వినగానే బండి ఆపాలి, లేదంటే ఒక రాయి తగిలితే పట్టా ఊడి దొర్లిపోతుంది. రాత్రికి చక్రాలు విప్పి నదిలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుస్తుంది. ఒకటి రెండు రోజులకు మళ్లీ వదులవుతుంది. అప్పుడు పట్టాకూ పూటీలకూ (చక్రం అంచు చెక్కలకూ) మధ్య చెక్క మేకులు దిగ్గొట్టాలి. అదీ ఆగకపోతే పట్టా తీసి, పూటీల చుట్టూ పలచని చెక్క అతికి, పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు గుమ్మరించాలి. ఇరుసుకు కందెన తారూ కొవ్వూ కలిపినది. దాని డబ్బా వెనక ఇరుసు కింద వేలాడుతుంది. నది దాటేటప్పుడు తొట్టి సందులు పూడ్చేదీ తారుతోనే. ప్లాట్ మధ్యలో మాత్రం బండి ఆపొద్దు, ఇసుక చక్రాలను మింగుతుంది.

చివర, హుడ్ పర్వతం చుట్టూ 1846లో తెరిచిన బార్లో రోడ్డు. లారెల్ హిల్ దగ్గర బండి వెనక మోకులు కట్టి, చెట్ల మొదళ్లకు చుట్టి, కొద్దికొద్దిగా వదులుతూ దింపాలి. ఈ రోడ్డుకు సుంకం బండికి 5 డాలర్లు, పశువుకు 10 సెంట్లు. ఆ డబ్బు మిస్సోరిలోనే విడిగా మూటగట్టుకోవాలి.