యాంప్ ధ్వని బాగా లేదా? ముందు దాన్ని జరిపి చూడండి

గిటార్ యాంప్ (గిటార్ ధ్వనిని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టె) గురించి నన్ను అడిగేవారి మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సౌండు బాగా లేదు, స్పీకర్ మార్చమంటారా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: యాంప్ ఎక్కడ పెట్టారు, మీరు ఎక్కడ నిలబడి వింటున్నారు? తీగలు మార్చామంటారు, పెడళ్లు మార్చామంటారు, యాంప్ లోపలి వాక్యూమ్ ట్యూబులు కూడా మార్చామంటారు. యాంప్‌ను రెండడుగులు జరిపారా అంటే మాత్రం లేదంటారు. దయచేసి ఏదైనా కొనే ముందు ఆ రెండడుగులు జరపండి. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మందు అదే.

నాకు మొద్దుగా ఉంది, ఎదురుగా కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటున్నారు

యాంప్ నేల మీద ఉంది, మీరు దాని ముందే నిలబడ్డారు. స్పీకర్ మీ మోకాళ్లకు పాట వినిపిస్తోంది. 12 అంగుళాల స్పీకర్ అంటే దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పు. సుమారు 1,100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ధ్వని తరంగదైర్ఘ్యం కూడా అంతే ఉంటుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ ధ్వని నలువైపులా పరుచుకోవడం మానేసి, టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకు పోతుంది. గిటార్‌కు పదునునిచ్చే 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ భాగమంతా ఆ ఇరుకు దారిలోనే వెళ్తుంది. అది మీ చెవికి అందదు కాబట్టి ట్రెబుల్ (పై స్వరాల నాబ్) పెంచుతారు. ఆ పెంచినదంతా ఎదురుగా కూర్చున్నవారి చెవిలో సూదిలా దిగుతుంది.

వాల్యూమ్ తగ్గించండి. రెండు మీటర్లు వెనక్కి వెళ్లి, కూర్చుని, చెవిని స్పీకర్ ఎత్తుకు తెచ్చి వినండి. ట్రెబుల్‌ను అక్కడి నుంచే సరిచేయాలి. ఆ తర్వాత యాంప్‌ను కదలని స్టూలు మీదికి ఎత్తండి, లేదా వెనక్కి వాల్చి స్పీకర్‌ను మీ తలవైపు తిప్పండి. అందరూ వదిలేసే పరీక్ష ఇదే. ఇది చేయకుండా స్పీకర్ కొన్నవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

మంద్ర స్వరాలన్నీ గుమ్మంటున్నాయి

యాంప్ గది మూలలో ఉంది. దగ్గరగా ఉన్న ప్రతి గోడా మంద్ర ధ్వనిని తిప్పి పంపి దానికి బలం చేరుస్తుంది. లెక్క ప్రకారం ఒక్కో ఉపరితలం 6 డెసిబెల్స్ వరకు కలపగలదు. మూలలో రెండు గోడలు, కింద నేల. మూల నుంచి బయటికి లాగి, నేల మీది నుంచి పైకెత్తండి. చెక్క నేల అయితే యాంప్ కింద మందపాటి ఫోమ్ వేయండి, లేదంటే నేల కూడా డోలులా మోగుతుంది.

దీనికి వ్యతిరేకంగా ధ్వని మరీ పలచగా ఉండి, మీది వెనక తెరిచి ఉన్న కాబినెట్ (స్పీకర్ బిగించిన పెట్టె) అయితే, వెనక గోడకు ఉన్న దూరాన్ని మార్చి చూడండి. ఆ కాబినెట్ వెనక నుంచి వచ్చే ధ్వని ముందు ధ్వనికి వ్యతిరేక దశలో ఉంటుంది, అంటే అది గాలిని నెట్టేటప్పుడు ఇది లాగుతుంది. గోడను తాకి తిరిగివచ్చినప్పుడు అది ముందు ధ్వనికి బలమిస్తుందా, దాన్ని చెరిపేస్తుందా అన్నది ఆ దూరాన్ని బట్టి ఉంటుంది. గోడకు మూరెడు దూరంలో మొదలుపెట్టి జానెడు జానెడుగా జరుపుతూ వినండి.

ఒక్క స్వరం మాత్రమే గదినంతా నింపేస్తోంది

ఇది నన్ను నెలల తరబడి ఏడిపించింది. ఐదో తీగను ఖాళీగా మీటితే వచ్చే 'ఎ' స్వరం, 110 హెర్ట్జ్, వీపు మీద చరిచినట్టు వచ్చేది. దాని పక్కనున్న స్వరాలు మాత్రం మర్యాదగా ఉండేవి. గిటార్‌లోనే లోపమనుకున్నాను. ఆరో తీగ ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డమెట్టు) దగ్గర అదే స్వరం వాయిస్తే అక్కడా అంతే. రెండు వేర్వేరు తీగల మీద ఒకే స్వరం ఒకేలా విరుచుకుపడుతోందంటే తప్పు తీగది కాదని అప్పుడే గ్రహించాల్సింది. గ్రహించలేదు. బాస్ తగ్గించాను. మిగతా స్వరాలన్నీ ఎండిపోయాయి, 'ఎ' మాత్రం వాటన్నింటికంటే ముందే నిలబడింది. పవర్ ట్యూబులు మార్చాను, తర్వాత స్పీకరే మార్చాను. చివరకు యాంప్‌లు బాగుచేసే ఒకాయన దగ్గరికి మోసుకెళ్తే, ఆయన బల్ల మీద అన్ని స్వరాలూ సమానంగా పలికాయి. ఇంటికి తెచ్చి పాత చోటే పెట్టాను. మళ్లీ అదే చరుపు.

అప్పుడు టేపు తీసుకుని గదిని కొలిచాను. వెడల్పు 3.1 మీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు కాబట్టి 110 హెర్ట్జ్ తరంగం పొడవు కూడా దాదాపు 3.1 మీటర్లే. గోడకూ గోడకూ మధ్య ఒక పూర్తి తరంగం అచ్చంగా ఇమిడిపోయింది. వెళ్లేదీ తిరిగివచ్చేదీ ఒకదానిమీద ఒకటి పడి స్థిర తరంగంగా నిలిచిపోతున్నాయి. నిజానికి అదే వెడల్పులో సగం తరంగం ఇమిడే 55 హెర్ట్జ్ దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది. కానీ మామూలు శ్రుతిలో గిటార్ అడుగు స్వరం 82.4 హెర్ట్జ్, అంతకంటే కిందికి అది దిగదు. అందుకే చిన్న గదుల్లో గిటార్‌ను పట్టి పీడించేది తరచుగా ఈ పూర్తి తరంగమే.

ఈ తరంగం ఒత్తిడి గదిలో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రెండు గోడల దగ్గరా, సరిగ్గా గది మధ్యలోనూ గరిష్ఠంగా ఉంటుంది. గోడ నుంచి వెడల్పులో పావు వంతు, ముప్పావు వంతు దూరాల్లో దాదాపు ఏమీ ఉండదు. నా యాంప్ గోడకు ఆనుకుని ఉంది, నా కుర్చీ గది మధ్యలో ఉంది. అంటే ఆ తరంగాన్ని అన్నింటికంటే గట్టిగా రేపే చోట యాంప్, అన్నింటికంటే గట్టిగా వినిపించే చోట నా చెవి. యాంప్‌ను స్పీకర్ గోడకు 78 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా జరిపాను, కుర్చీని మధ్య నుంచి తప్పించాను. ఆ సాయంత్రమే 'ఎ' మిగతా స్వరాల వరుసలో కలిసిపోయింది.

మీ గదికి లెక్క సులువే. 343ను గది కొలతతో, మీటర్లలో, భాగించండి. 3.5 మీటర్లయితే 98 హెర్ట్జ్ వస్తుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గరి 'జి' అది. 4.2 మీటర్లయితే దాదాపు ఖాళీ ఆరో తీగే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ లెక్కించండి. రెండు కొలతలు ఒకే స్వరం దగ్గర కలిస్తే ఆ స్వరం మరింత మొండికేస్తుంది.

లెక్క కంటే నమ్మదగింది చెవి. ఆ స్వరాన్ని ఎవరినైనా వాయిస్తూ ఉండమని, లేదా లూపర్‌లో (వాయించిన ముక్కను మళ్లీ మళ్లీ వినిపించే పెడల్‌లో) తిప్పుతూ, గదిలో మెల్లగా నడవండి. నడిచేకొద్దీ స్వరం ఉబ్బుతూ, సన్నగిల్లుతూ ఉంటే అది గది పని. ఎక్కడ నిలబడినా, వేరే గదిలో కూడా అలాగే ఉబ్బితే గిటార్‌నో యాంప్‌నో అనుమానించండి.

నేను ఎక్కువగా చేసే పని ఇంకొకటి ఉంది. మీరు కూర్చునే చోట మీ చెవి ఎత్తుకు యాంప్‌ను పెట్టి, మంద్ర స్వరాలను లూపర్‌లో తిప్పండి. యాంప్ పెట్టగలిగిన చోట్లన్నింటికీ వెళ్లి, అది ఉండబోయే ఎత్తులో చెవి పెట్టి వినండి. స్వరాలు సమంగా వినిపించిన చోటే యాంప్ చోటు. వినే చోటు, మోగే చోటు తారుమారు చేసినా ఆ రెండింటి మధ్య మంద్ర ధ్వని ప్రయాణం మారదు కాబట్టి ఇది పనిచేస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ చూస్తుంటాను. చెవి సరిగ్గా ఆ పావు దూరానికి చేరితే స్వరం మాయమవుతుంది, దాన్ని తేవడానికి బాస్ పెంచుతారు. ఆ లోటును ఏ నాబూ పూడ్చలేదు, మీరే జరగాలి. ఇక గోడలకు రెండు మూడు సెంటీమీటర్ల ఫోమ్ అతికించడం. అది పై స్వరాల ప్రతిధ్వనిని తాగుతుంది, మూడు మీటర్ల పొడవున్న తరంగానికి మాత్రం అది అడ్డమే కాదు. గది పై స్వరాలను పోగొట్టుకుని ఇంకా మొద్దుగా తయారవుతుంది.

మిగతావి

రెండు యాంప్‌లు కలిపితే ధ్వని సన్నబడితే ఒకదాని స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లను, యాంప్ ఆపేశాక, ఒకదాని చోట మరొకటి మార్చి బిగించండి. గిటార్ యాంప్‌కు దగ్గరైనప్పుడు హమ్ పెరిగితే అది ట్రాన్స్‌ఫార్మర్ ప్రభావం. దూరం జరిగి, గిటార్‌ను తిప్పి చూడండి. ఒక స్వరం దగ్గర గరగర వినిపిస్తే ముందు కిటికీ అద్దం, తలుపు గడియ, ఫోటో ఫ్రేము, యాంప్ పిడి ఒక్కొక్కటిగా చేత్తో నొక్కి పట్టుకుని వినండి. అవన్నీ పట్టుకున్నా, యాంప్‌ను వేరే గదిలోకి మార్చినా గరగర పోకపోతే, అప్పుడు స్పీకర్ విప్పండి.