ఈ-జర్నల్ తెరుచుకోవడం లేదా? లైబ్రరీ కొనుగోళ్ల టీమ్‌కి సమస్య - పరిష్కారం

తెప్పిస్తామన్న పుస్తకం రాకపోతే ఎవరో ఒక లెక్చరర్ లైబ్రరీకొచ్చి అడుగుతారు. ఈ-జర్నల్ తెరుచుకోకపోతే అడిగేవాళ్లు తక్కువ. గూగుల్‌లో ఏది దొరికితే అది చదువుకుని ఊరుకుంటారు. లక్షలు కట్టిన డేటాబేస్ నెల రోజులు మూతపడి ఉన్నా ఒక్క ఫిర్యాదు రాకపోవచ్చు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో ఈ టీమ్‌ని నడిపేవాళ్లు ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా వారానికోసారి తామే అన్నీ తెరిచి చూసుకోవాలి. అలా చూసినప్పుడు బయటపడేవి సాధారణంగా ఇవే.

ఒక కంప్యూటర్‌లో తెరుచుకుంటోంది, పక్కదాంట్లో డబ్బులడుగుతోంది

"సార్, మన సబ్‌స్క్రిప్షన్ అయిపోయినట్టుందండీ, ఆర్టికల్‌కి డాలర్లలో కట్టమంటోంది" అని ఫోన్ వస్తుంది. వెంటనే పబ్లిషర్‌కి మెయిల్ పెట్టకండి. డిజిటల్ లైబ్రరీలోకి వెళ్లి, పక్కపక్కనే ఉన్న రెండు సిస్టమ్‌లలోనూ గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని కొట్టి చూడండి. ఐపీ అంటే ఇంటర్నెట్‌లో మన లైను చిరునామా లాంటి నంబరు. రెండు చోట్లా వేర్వేరు నంబర్లు వస్తే విషయం తేలిపోయినట్టే. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని కాలేజీలు రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు పెట్టుకుంటాయి. ఫైర్‌వాల్, అంటే కాలేజీ నెట్‌వర్క్‌కి కాపలా ఉండే పరికరం, సిస్టమ్‌లను రెండు లైన్ల మీదకీ పంచుతుంది. పబ్లిషర్ తన దగ్గర నమోదైన ఐపీకే తలుపు తెరుస్తాడు, నమోదైంది మాత్రం పాత లైను ఐపీ ఒక్కటే.

రెండు లైన్ల స్టాటిక్ (మారని) ఐపీ రేంజి నెట్‌వర్క్ అడ్మిన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, పబ్లిషర్లందరికీ ఒకే రోజు పంపండి. 192.168తో మొదలయ్యే నంబర్లు పంపితే లాభం లేదు, అవి క్యాంపస్ లోపలివి. లైను మార్చేముందు లైబ్రరీకి చెప్పాలన్న మాట ఐటీ వాళ్ల ఫైల్లో కూడా ఉండాలి. నోటిమాటగా చెబితే ఆ అడ్మిన్ ఉద్యోగం మారేదాకే గుర్తుంటుంది.

హాస్టల్లో ఫోన్ డేటా మీద తెరుచుకోకపోవడం అసలు లోపమే కాదు. దానికి యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్ (క్యాంపస్ బయట నుంచీ తెరిచేది) గానీ, రిమోట్ యాక్సెస్ సాఫ్ట్‌వేర్ గానీ ఉండాలి. కొత్త బ్యాచ్ చేరగానే వాళ్ల పేర్లు అందులో ఎక్కించండి.

అన్నీ పనిచేస్తున్నాయి, ఒక్క పబ్లిషర్ మాత్రం క్యాంపస్ మొత్తానికి ఆపేశాడు

ఏడాది మధ్యలో ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది గంపగుత్తగా డౌన్‌లోడ్ చేయడం. ఎవరో పీహెచ్‌డీ స్కాలర్ రాత్రిపూట డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి ఒక జర్నల్ సంపుటాలన్నీ దించుకుని ఉంటాడు. పబ్లిషర్ సర్వర్ దాన్ని పసిగట్టి ఆ ఐపీని బ్లాక్ చేస్తుంది. తేదీ, సమయం, ఐపీ రాసి వాళ్లు మెయిల్ పంపే ఉంటారు. అది పాత లైబ్రేరియన్ ఐడీకి వెళ్లిందేమో, స్పామ్‌లో పడిందేమో చూడండి. ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో ఉండే ఫైర్‌వాల్ లాగ్ ఆ రోజే అడిగి తీసుకోవాలి, ఎందుకంటే పాత లాగ్‌ల మీద కొత్తవి వచ్చి పడతాయి. ఎవరో తెలిశాక కుర్రాణ్ని కేకలేయక్కర్లేదు, లైసెన్సులో ఏముందో చెబితే చాలు. ఏం జరిగింది, ఏం చర్య తీసుకున్నాం అని నాలుగు ముక్కలు రాస్తే సాధారణంగా మళ్లీ తెరుస్తారు.

జనవరి దాటింది, రెన్యువల్ కాలేదు

అందరూ అకౌంట్స్ సెక్షన్‌ని తిడతారు. అసలు చిక్కు క్యాలెండర్లలో ఉంది. ఎక్కువ జర్నళ్ల చందా జనవరి నుంచి డిసెంబరు దాకా, కాలేజీ బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఇన్వాయిస్ వచ్చాక నవంబరులో ఫైలు కదిలిస్తే లైబ్రరీ కమిటీ ఒకసారి వాయిదా పడుతుంది. తర్వాత విదేశీ చెల్లింపు కాబట్టి ఆడిటర్ పబ్లిషర్ దగ్గర్నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (ఏ దేశంలో పన్ను కడతాడో తెలిపే కాగితం) అడుగుతాడు. అది వచ్చేసరికి సంక్రాంతి. ఆ వారం ఆఫీసులో సంతకం పెట్టేవాళ్లెవరు దొరుకుతారు?

అందుకని జులైలో వాడకం లెక్కలు, ఆగస్టులో కమిటీ, సెప్టెంబరులో ధరలు, ఆ ధరలతో పాటే పన్ను కాగితాలు. డిసెంబరు మొదటివారానికి డబ్బు వెళ్లిపోవాలి. మారకం రేటు ఏ రోజుది లెక్కలోకి తీసుకుంటారో ఆర్డర్లోనే రాయించండి. ఇన్వాయిస్ నాటి రేటుకూ చెల్లించిన నాటి రేటుకూ తేడా వచ్చి ఫైలు మళ్లీ మొదటికి రావడం మామూలే. ఆలస్యం తప్పదనిపిస్తే డిసెంబరులోనే గ్రేస్ యాక్సెస్ (డబ్బు అందేదాకా తెరిచి ఉంచడం) అడగండి, ఆపేశాక కాదు.

"వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చిందిగా, ఇంకా ఎందుకు కట్టడం?" అని ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి. కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే, 2025 జనవరి 1న మొదలైన ఆ పథకంలో 30 మంది పబ్లిషర్ల జర్నళ్లు సుమారు 13,000 ఉన్నాయి. కానీ తొలి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకూ కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలకూ మాత్రమే. నాగార్జున విశ్వవిద్యాలయం లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లు ఆ జాబితానీ తమ చందాల జాబితానీ పక్కపక్కన పెట్టి, రెండింట్లో ఉన్నవాటిని తమ చందాల్లోంచి తీసేయాలి. ప్రైవేటు కాలేజీల వాళ్లు మాత్రం ఇది తమకు వర్తించదని ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టండి, ప్రతి ఏడాదీ ఇదే వాదన పెట్టుకోకుండా.

ఒకే పుస్తకం రెండుసార్లు వచ్చింది

ఐఎస్‌బీఎన్‌తో, అంటే పుస్తకం గుర్తింపు నంబరుతో మాత్రమే సరిచూస్తే ఇలాగే అవుతుంది. గట్టి అట్టకి ఒక నంబరు, పేపర్‌బ్యాక్‌కి ఇంకొకటి, భారతీయ ముద్రణకి మరొకటి. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో పేరు, రచయిత కొట్టి చూశాకే ఆర్డర్ పెట్టండి. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్23 లాంటి కొత్త రెగ్యులేషన్ (సిలబస్ మార్పు) వచ్చిన ఏడాది డిపార్ట్‌మెంట్ల జాబితాలన్నీ ఒకచోట కలిపాకే విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకు పంపాలి.

బిల్లు అకౌంట్స్‌లో ఇరుక్కుంది

అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-బుక్‌కి ఉంది. రెండూ ఒకే బిల్లులో కలిపితే అక్కడ ఆగుతుంది. విడివిడిగా బిల్లులు ఇమ్మనండి.

"ఎవరూ వాడట్లేదు, తీసేద్దాం" అంటున్నారు

లాగిన్ల సంఖ్య చూపిస్తే మోసపోతారు. పబ్లిషర్లందరూ వాడకాన్ని ఒకేలా లెక్కపెట్టే కౌంటర్ ప్రమాణంలో నివేదికలు అడగండి. అందులో టీఆర్-జె1 అనే నివేదికలో ఎన్ని ఆర్టికల్స్ తెరిచారో ఉంటుంది, దానితో చందాను భాగిస్తే ఒక్కో వాడకం ఖర్చు తెలుస్తుంది. టీఆర్-జె2 నాకు ఇంకా ఇష్టం, తెరవబోయి తలుపు మూసి ఉండి వెనుదిరిగినవాళ్ల లెక్క అందులో ఉంటుంది. ఏం కొనాలో అది చెబుతుంది. అయితే ఐదుగురున్న డిపార్ట్‌మెంట్ జర్నల్‌ని కంప్యూటర్ సైన్స్ జర్నల్‌తో పోల్చి తీసేయడం అన్యాయం, దాని లెక్క దానికే వేయాలి.

సెలవులో ఉన్న మనిషికే అన్నీ తెలుసు

పబ్లిషర్ల అడ్మిన్ ఖాతాలు ఒకరి సొంత జీమెయిల్ మీద ఉంటే, ఆయన బదిలీ అయిన రోజు రెన్యువల్ నోటీసులూ ఆయనతోనే వెళ్తాయి. కాలేజీ డొమైన్ మీద ఉమ్మడి మెయిల్ ఐడీ తీసుకుని ఖాతాలన్నీ దానికి మార్చండి. ఆ ఐడీ చూసేవాళ్లు కనీసం ఇద్దరుండాలి, ఒకరు పుస్తకాల బిల్లులు చూసేవాళ్లయితే మరీ మంచిది. ఐపీ సంగతీ ఇన్వాయిస్ సంగతీ ఆ ఇద్దరికీ తెలిస్తే ఏది డబ్బు కట్టక ఆగిందో, ఏది లైను మారి ఆగిందో ఫోన్‌లోనే చెప్పేస్తారు.