ఫ్రంట్ లోడ్ మెషిన్ మొరాయిస్తే: బోర్డు మార్చే ముందు చూడాల్సినవి

వాషింగ్ మెషిన్ ఆగిపోయి మెకానిక్‌ని పిలిస్తే "బోర్డు పోయింది" అనే మాట తొందరగా వినిపిస్తుంది. బోర్డు అంటే లోపలుండి మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పలక, పీసీబీ. మార్చాలంటే వేలల్లో ఖర్చు. నిజంగా పోయే సందర్భాలూ ఉంటాయి. కానీ అనంతపురం లాంటి చోట ఫ్రంట్ లోడ్ మెషిన్‌ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: బోరు నీళ్లలోని సున్నం, మిద్దె మీది ట్యాంకు నుంచి చాలీచాలని ప్రెషర్, ఎండాకాలంలో సరిగ్గా పనిచేయని ఎర్త్. ఈ మూడింట్లో ఏది తేడా చేసినా బోర్డు పోయినట్టే కనిపిస్తుంది. అందుకే ముందు మెషిన్‌లోకి ఏం వస్తోంది, బయటికి ఏం పోతోంది అన్నది చూడాలి. ఏది విప్పినా ముందు ప్లగ్ తీసి, కొళాయి కట్టేయండి.

నీళ్లు రావడం లేదు, లేదా చాలా నెమ్మదిగా వస్తున్నాయి

స్టార్ట్ నొక్కితే కాసేపు సన్నగా 'జుయ్' మని చప్పుడు వస్తుంది, తర్వాత ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఎల్‌జీ మెషిన్లలో ఇది 'ఐఈ' అని, శాంసంగ్‌లో '4సీ' లేదా '4ఈ' అని పడుతుంది. అర్థం ఒకటే: అనుకున్న సమయంలో అనుకున్నన్ని నీళ్లు లోపలికి రాలేదు.

మొదట చూడాల్సింది జాలీ. నీళ్ల పైపు మెషిన్ వెనక బిగించే చోట, వాల్వ్ మూతిలో చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. కొన్నిటికి కొళాయి వైపు కూడా ఉంటుంది. బోరు నీళ్లతో వచ్చే ఇసుక, తుప్పు, సున్నం పెచ్చులు అక్కడే పేరుకుంటాయి. పైపు విప్పి, కటింగ్ ప్లేయర్‌తో జాలీని మెల్లగా బయటికి లాగి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. సున్నం గట్టిపడి ఉంటే కాసేపు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టండి. జాలీ చిరిగితే కొత్తది వేయాలే గానీ, తీసేసి మెషిన్ నడపకూడదు. ఒక్క ఇసుక రేణువు వాల్వ్‌లో ఇరుక్కుంటే మెషిన్ ఆఫ్‌లో ఉన్నా నీళ్లు లోపలికి కారుతూనే ఉంటాయి.

జాలీ శుభ్రంగా ఉన్నా నీళ్లు రాకపోతే ప్రెషర్ చూడాలి. ట్యాంకు ఎత్తు మీటరుకు 0.1 బార్ చొప్పున ప్రెషర్ ఇస్తుంది. చాలా మెషిన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. అంటే ట్యాంకులో నీటిమట్టం మెషిన్ వెనకాల పైపు బిగించే చోటుకు మూడు నుంచి ఐదు మీటర్ల పైన ఉండాలి. ఒక్క అంతస్తు ఇంట్లో స్లాబు మీదే నేరుగా ట్యాంకు పెడితే ఇది అంచున ఉంటుంది. పై అంతస్తులో మెషిన్ పెట్టినవాళ్లకైతే చాలదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పనిచేసి, సగానికి దిగాక ఎర్రర్ చూపిస్తుందంటే కారణం ఇదే, సందేహం అక్కర్లేదు. మెషిన్ కొళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి చూడండి. నిండటానికి రెండు నిమిషాల కంటే ఎక్కువ పడితే ధార చాలనట్టే. ట్యాంకు కింద దిమ్మె ఎత్తు పెంచడం, మెషిన్‌కు విడిగా లావు పైపు దింపడం, అదీ కుదరకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టడం దీనికి మార్గాలు.

నీళ్లు వస్తూనే ఉన్నాయి, టైమ్ మాత్రం తగ్గడం లేదు

ఇది చూసి చాలామంది కంగారు పడతారు. చిక్కంతా మురికినీళ్ల పైపులో ఉంటుంది. ఆ పైపును నేల మీదే పరిచి బాత్రూమ్ తూములోకి దూర్చడం మన ఇళ్లలో మామూలు. అలా ఉంటే వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి జారిపోతాయి. మెషిన్ నిండలేదనుకుని ఇంకా తీసుకుంటూ ఉంటుంది. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కొనే ఇంట్లో ఈ నష్టం మామూలుది కాదు. పైపును మెషిన్‌తో వచ్చిన ప్లాస్టిక్ వంపులో బిగించి, చివర నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా కట్టండి. గోడలోని పైపులోకి దూర్చితే మరీ లోతుకు తోయకండి, చుట్టూ గాలి ఆడే సందు ఉండాలి.

నీళ్లు బయటికి పోవడం లేదు

ముందు వైపు కింద, మూలన ఉండే చిన్న తలుపు వెనక పంపు ఫిల్టర్ ఉంటుంది. హెయిర్ పిన్నులు, చిల్లర, గుండీలు, పిల్లల జేబుల్లోని గోళీలు అందులోనే దొరుకుతాయి. లోపల వేడి నీళ్లుంటే చల్లారనివ్వండి. పక్కన సన్నటి గొట్టం ఉంటే ముందు దాంతో నీళ్లు పళ్లెంలోకి తీయండి, తర్వాత మూతను కొద్దికొద్దిగా తిప్పండి. ఫిల్టర్ తీశాక లోపల వేలు పెట్టి పంపు రెక్క తిరుగుతోందో లేదో చూడండి. దారం చుట్టుకుని ఉంటే తీసేయండి. నెలకోసారి ఈ పని చేసే ఇంట్లో పంపు కాలిపోవడం అరుదు.

బట్టలు గరుకుగా ఉన్నాయి, నల్ల బట్టల మీద తెల్ల మచ్చలు పడుతున్నాయి

ఉప్పు నీళ్ల ప్రభావం మొదట కనిపించేది ఇక్కడే. చేతిలో టీడీఎస్ మీటర్ ఉంటే దాని అంకె చూసి ఒక నిర్ణయానికి రాకండి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. మెషిన్‌కు చేటు చేసేది అందులోని కాల్షియం, మెగ్నీషియం. దాన్ని కాఠిన్యం అంటారు, కొలిచే కిట్ వేరే దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలని, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదని చెబుతుంది. 300 దాటిన నీళ్లతో ఉతికితే బట్టల మీద, హీటర్ మీద తేడా తెలుస్తుంది.

ఇలాంటి నీళ్లకు ఫ్రంట్ లోడ్ లిక్విడ్ డిటర్జెంట్ మంచిది, పొడిలా ముద్దకట్టదు. బకెట్‌లో చేత్తో ఉతికే పౌడర్ వేయకండి. దాని నురుగు డ్రమ్ములో నిండితే మెషిన్ నీటిమట్టం తప్పుగా చదువుతుంది, పంపు నీళ్లకు బదులు నురుగును తోస్తూ అవస్థ పడుతుంది. డ్రమ్ము పైన ఒక అరచేయి పట్టేంత ఖాళీ వదిలి బట్టలు వేయండి. ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టండి. పొలం నుంచి వచ్చిన బట్టల మన్ను ఎండాక దులిపి వేస్తే ఆ మన్ను పంపు దాకా పోదు. పెన్న అహోబిలం రిజర్వాయర్ నుంచి వచ్చే మున్సిపాలిటీ నీళ్లు మీ వీధికి వచ్చే రోజుంటే, దుప్పట్లు, తువ్వాళ్లు ఆ రోజుకు పెట్టుకోండి. బోరు నీళ్లతో పోలిస్తే బట్టలు మెత్తగా వస్తాయి.

మెషిన్ పైపుకు బిగించే గుళికల ఫిల్టర్లు బజారులో దొరుకుతాయి. అవి సున్నాన్ని తీసేయవు, అతుక్కోకుండా కొంత ఆపుతాయంతే. గుళికలు అరిగిపోయాక మార్చకపోతే ఆ డబ్బా ఉన్నా లేనట్టే.

ఉతకడం మొదలైన పది పదిహేను నిమిషాలకు మెయిన్ ట్రిప్ అవుతోంది

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ లక్షణానికే అనవసరంగా బోర్డులు మారతాయి. చల్లనీళ్ల ప్రోగ్రామ్ పెట్టి చూడండి. అది చివరిదాకా నడిచి, 40 లేదా 60 డిగ్రీలు పెట్టినప్పుడు మాత్రం ట్రిప్ అయితే అనుమానం హీటర్ మీదే. నీళ్లు వేడెక్కేకొద్దీ సున్నం విడివడి హీటర్ కడ్డీకి పొరలా పడుతుంది. పొర కింద కడ్డీలోని వేడి, నీళ్లలోకి పోక లోపలే పెరుగుతుంది, చివరికి పైతొడుగు పగులుతుంది. ఆ పగులులోంచి కరెంటు నీళ్లలోకి లీకవుతుంది. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే వెంటనే పడిపోతుంది, అదే మీ ప్రాణాన్ని కాపాడుతోంది. దాన్ని పక్కనబెట్టి మెషిన్ నడపమనేవాళ్ల మాట వినకండి. హీటర్ వైర్లు విప్పి, కడ్డీకి బాడీకి మధ్య లీకేజీ కొలవమని మెకానిక్‌ని అడగండి. బోర్డుతో పోలిస్తే హీటర్ ఖరీదు బాగా తక్కువ.

ఇది రాకుండా ఉండాలంటే బోరు నీళ్ల ఇంట్లో రెండు మూడు నెలలకోసారి సున్నం తీయాలి. ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రామ్ నడపండి. 90 పెట్టొద్దు, అంత వేడికి కరిగిన సున్నం మళ్లీ గట్టిపడవచ్చు. అయ్యాక ఒక రిన్స్ ఇవ్వండి. దీంతోపాటు బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. వారంటీ ఉన్న మెషిన్‌కైతే కంపెనీ చెప్పిన డీస్కేలింగ్ పొడి వాడటం మేలు. రోజువారీ బట్టలకు 30, 40 డిగ్రీలు చాలు, వేడి తగ్గితే సున్నమూ తగ్గుతుంది.

డోర్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది

మెషిన్ వెంటనే ఆపి ప్లగ్ తీసేయండి. ఇది ఎర్త్ సమస్య. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ప్రాంతం మనది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత మట్టి పొడిబారి కరెంటును భూమిలోకి సరిగ్గా తీసుకోదు. గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. పాత గుంతైతే ఎలక్ట్రీషియన్‌తో రెసిస్టెన్స్ కొలిపించి, అవసరమైతే కొత్తది వేయించండి. ఎర్త్ లేని ఇంట్లో కొందరు సాకెట్‌లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున మెషిన్ బాడీ మొత్తం కరెంటు అవుతుంది. అలా ఉంటే ఈరోజే తీయించండి. మెషిన్‌కు 16 యాంపుల సాకెట్ విడిగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. పని అయ్యాక ప్లగ్ తీసే అలవాటు చేసుకోండి. పిడుగులు, ఓల్టేజీ ఎగుడుదిగుళ్లు నిజంగా బోర్డును కాల్చేవి.

స్పిన్‌లో మెషిన్ ఊగిపోతోంది, నడుచుకుంటూ పోతోంది

కొత్త మెషిన్ మొదటి రోజే ఇలా చేస్తే వెనక ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారా చూడండి. పాత మెషిన్‌కైతే నేల చూడాలి. తాడిపత్రి, కడప బండలు పరిచిన ఇళ్లలో కొన్నిచోట్ల బండ కింద డొల్ల ఉంటుంది. వేలితో తట్టితే బోలు చప్పుడు వస్తుంది. అక్కడ మెషిన్ పెడితే ఎంత లెవెల్ చేసినా అదురుతుంది, చోటు మార్చాల్సిందే. గట్టి బండ మీద పెట్టి, ఎదురెదురు మూలలు నొక్కి, ఊగితే కాళ్లు సర్దండి. సర్దాక పై నట్టు బిగించడం మర్చిపోకండి. చక్రాల స్టాండ్ ఈ మెషిన్లకు పనికిరాదు. ఒక్క బరువైన రగ్గునే వేస్తే అది ఒక పక్కకు చేరి మెషిన్ స్పిన్ చేయలేకపోతుంది, దానికి తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి.

ముక్కిపోయిన వాసన

డోర్ రబ్బరు మడతలో నీళ్లు, వెంట్రుకలు, డిటర్జెంట్ జిగురు నిలిస్తే వస్తుంది. ఉతికిన ప్రతిసారీ మడత తుడిచి, డోర్, డిటర్జెంట్ అర తెరిచి ఉంచండి. చిన్న పిల్లలున్న ఇల్లైతే డోర్ కొద్దిగా మాత్రమే తెరిచి కనిపెట్టుకుని ఉండండి. నెలకోసారి టబ్ క్లీన్ నడపండి.

డోర్ తెరుచుకోవడం లేదు

లోపల నీళ్లుంటే తెరుచుకోదు, ముందు నీళ్లు తీయాలి. నీళ్లు లేకపోతే ప్లగ్ తీసి ఐదు నిమిషాలు ఆగండి. లాగి పిడి విరగ్గొట్టకండి.

స్పిన్‌లో పెద్ద హోరు

ప్లగ్ తీసి, ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పండి. గరగర వినిపిస్తే, లేదా పై అంచు పట్టుకుని లేపితే డ్రమ్ము లటపటలాడితే బేరింగ్ అరిగింది. సీల్ దెబ్బతిని నీళ్లు లోపలికి పోవడం దీనికి మూలం. కాబట్టి బేరింగ్ మార్చినప్పుడు సీల్ కూడా మార్పించండి. చాలా మోడళ్లలో టబ్ రెండు ముక్కలూ అతికించి ఉంటాయి, బేరింగ్ విడిగా రాదు, టబ్ మొత్తం మార్చాలంటారు. ఎనిమిది, పదేళ్లు వాడిన మెషిన్ అయితే ఆ ఖర్చును కొత్తదాని ధరతో పోల్చుకుని తేల్చుకోండి. అప్పటిదాకా స్పిన్ స్పీడు తగ్గించి వాడితే కొంతకాలం నడుస్తుంది గానీ, మెషిన్ కింద తుప్పురంగు నీళ్లు కనిపించిన రోజు నుంచి నడపకండి.